అరంగుళం పైపు చాలుతుందా? పొయ్యికి గీజర్ తోడైతే వేసుకోవాల్సిన లెక్క

పైపు గ్యాస్ పెట్టించుకున్న ఇంట్లో మొదట్లో ఏ ఇబ్బందీ కనిపించదు. పొయ్యి ఒక్కటే కదా, మంట బాగానే వస్తుంది. సిలిండర్ బుకింగ్ గొడవ లేదు, అర్ధరాత్రి గ్యాస్ అయిపోయిందన్న కంగారు లేదు. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. పిల్లలు పెద్దవాళ్లవుతారు, మేడ మీద ఇంకో గది లేస్తుంది, దానికో బాత్రూం వస్తుంది. "కరెంటు బిల్లు ఎందుకు, గ్యాస్ ఎలాగూ ఉందిగా" అని ఎవరో అంటారు. వంటింటి పైపుకే ఒక టీ తగిలించి గ్యాస్ గీజర్ బిగిస్తారు. అప్పట్నుంచి కింద పొయ్యి వెలిగిస్తే పైన నీళ్లు చల్లబడతాయి, పైన షవర్ తిప్పితే కింద మంట కుంగిపోతుంది.

కంపెనీ సరిగ్గా ఇవ్వట్లేదనో, గీజర్ నాసిరకమనో అనుకుంటారు. కొన్నిసార్లు అది నిజం కావచ్చు. చాలాసార్లు తప్పు వీటిలో దేనిదీ కాదు. పొయ్యి ఒక్కదానికని వేసిన పైపు మీద దానికి రెండింతల బరువు మోపడమే కారణం. పైపు ఎంత లావుండాలి అన్నది ఫిట్టర్ కంటితో చూసి చెప్పే మాట కాదు, ఓ చిన్న లెక్క. ఏడో తరగతి పిల్లాడు కూడా చేయగలడు. ఇంట్లోవాళ్లకు ఆ లెక్క తెలిసుంటే గోడ పగలగొట్టే ఖర్చూ తప్పుతుంది, అంతకన్నా పెద్ద ప్రమాదమూ తప్పుతుంది.

గ్యాస్ విషయంలో ఈ ప్రాంతం మిగతా దేశంలాంటిది కాదు. సామర్లకోటకు దగ్గర్లోనే, కాకినాడకు దక్షిణాన ఉన్న గాడిమొగ దగ్గర 2009 ఏప్రిల్‌లో కేజీ-డీ6 గ్యాస్ ఒడ్డుకొచ్చింది. అక్కడి నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దాదాపు 1,400 కిలోమీటర్లు వెళ్లే పైపు వ్యాసం 48 అంగుళాలు. అంత గ్యాస్ పక్కనుంచే పోతున్నా సామర్లకోట దగ్గర కట్టిన 2,400 మెగావాట్ల రిలయన్స్ విద్యుత్ కేంద్రం గ్యాస్ దొరక్క పడకేసింది. ఇళ్లకు పైపు గ్యాస్ ఇచ్చే పని కాకినాడ వైపు భాగ్యనగర్ గ్యాస్, తూర్పు, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో గోదావరి గ్యాస్ చేతిలో ఉంది. మీ వీధి ఎవరి కిందికి వస్తుందో బిల్లు మీదో, గోడకున్న మీటరు మీదో చూస్తే తెలిసిపోతుంది. ఇంకా సిలిండరే వాడుతున్న ఇళ్లకూ ఈ లెక్క పనికొస్తుంది, ఆ సంగతి చివర్లో.

గ్యాస్ పైపు అనగానే ఇక్కడ పెద్దవాళ్లకు నగరం గుర్తొస్తుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ పైపు లీకై మంటలంటుకుని ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. అయితే అది ఊళ్లను కలుపుతూ ఎక్కువ ప్రెషర్‌తో గ్యాస్ మోసుకుపోయే పెద్ద లైను. ఇంటికొచ్చేది వేరు. వీధిలో భూమి కింద ఉండే పసుపురంగు ప్లాస్టిక్ పైపులో సుమారు 4 బార్ ప్రెషర్ ఉంటుంది. ఇంటి దగ్గరి రెగ్యులేటర్ దాన్ని 100 మిల్లీబార్లకు, మీటరు దగ్గరిది 21 మిల్లీబార్లకు దించుతుంది. 21 మిల్లీబార్లంటే గాజు గొట్టంలో నీటిని సుమారు 21 సెంటీమీటర్లు పైకి నెట్టే బలం. అంతే. స్ట్రాలో గట్టిగా ఊదే పిల్లాడికి ఇంతకన్నా ఎక్కువ బలం ఉంటుంది.

ఇంటి పైపు సైజు ఎందుకంత ముఖ్యమో ఇక్కడే ఉంది. చేతిలో ఉన్న ప్రెషరే అంత తక్కువ. దాంట్లో పైపు ఎంత మింగేస్తే పొయ్యికి అంత తగ్గుతుంది.

గోదావరి కాలువల కింద వ్యవసాయం చూసినవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. తూము దగ్గర చేలకు నీళ్లు పుష్కలం. పైవాళ్లందరూ ఒకేసారి మడవలు తీస్తే శివారు చేలకు నీళ్లందవు. కాలువలో నీళ్లు లేక కాదు, ఆ కాలువ వెడల్పుకు అంత నీరు అంత దూరం పారదు. ఇంట్లో మీటరే తూము, మేడ మీది గీజరే శివారు చేను.

పైపులో ప్రెషర్ నష్టాన్ని మూడు సంగతులు తేలుస్తాయి. పొడవు రెట్టింపైతే నష్టం రెట్టింపు. పారే గ్యాస్ రెట్టింపైతే నష్టం దాదాపు నాలుగు రెట్లు. వ్యాసం సంగతి మాత్రం చాలామంది ఊహకు అందదు. లోపలి వ్యాసం సగమైతే అదే ప్రెషర్‌కు పారే గ్యాస్ సగం కాదు, అయిదారు రెట్లు తగ్గిపోతుంది. అరంగుళం ఇనుప పైపు లోపల సుమారు 16 మిల్లీమీటర్లు, పొయ్యి రబ్బరు ట్యూబు లోపల 8 మిల్లీమీటర్లు. చూడ్డానికి పెద్ద తేడా లేదనిపిస్తుంది గానీ ఒకటి మోసేది ఇంకొకటి అయిదారు గొట్టాలుగా కలిసి మోయాలి. మేడ మీది గీజర్‌కు రబ్బరు ట్యూబు లాగిన ఇళ్లలో నీళ్లు ఎందుకు వేడెక్కవో దీంతో అర్థమవుతుంది. అసలు ఆ ట్యూబు మీటరున్నర పొడవు దాటకూడదు, అయిదేళ్లకోసారి మార్చాలి, గోడలోంచి తీసుకెళ్లనే కూడదు. సైజు మాట తర్వాత, అది లీకయ్యే దారి.

ఎంత గ్యాస్ కావాలి?

లెక్క పైపుతో మొదలు కాదు, సామానుతో మొదలవుతుంది. ప్రతి గ్యాస్ వస్తువు మీదా ఓ ప్లేటు ఉంటుంది, అందులో కిలోవాట్లు రాసి ఉంటాయి. పైపు గ్యాస్ ఒక ఘనపు మీటరు మండితే ఉజ్జాయింపుగా 10 కిలోవాట్ అవర్ల వేడి వస్తుంది. అంటే కిలోవాట్లను పదితో భాగిస్తే గంటకు ఎన్ని ఘనపు మీటర్లు కావాలో వచ్చేస్తుంది.

మూడు బర్నర్ల పొయ్యి తీసుకుందాం. పెద్ద బర్నర్ 3 కిలోవాట్లు, మిగతా రెండూ తలా 2. మొత్తం 7 కిలోవాట్లు, గంటకు 0.7 ఘనపు మీటరు. ఇప్పుడు నిమిషానికి 6 లీటర్ల గీజర్. నీటిని 25 డిగ్రీలు వేడెక్కించాలంటే నీళ్లలోకి సుమారు 10.5 కిలోవాట్లు చేరాలి. పొగతో పోయే వేడిని కలుపుకుంటే గ్యాస్ వైపు 12, 13 కిలోవాట్లు పడతాయి, అంటే గంటకు 1.3 ఘనపు మీటర్లు. బొమ్మలా గోడకు వేలాడే ఆ చిన్న డబ్బా పొయ్యి మొత్తం తాగేదానికి దాదాపు రెట్టింపు గ్యాస్ తాగుతుంది. టీ తగిలించి బిగించేవాళ్లు చూడనిది ఇదే.

రెండూ కలిపితే 2 ఘనపు మీటర్లు. "రెండూ ఒకేసారి ఎక్కడ వాడతాం" అని ఎవరైనా అనొచ్చు. మామూలు రోజుల్లో నిజమే. రంజాన్‌లో సహరీ వేళ చూడండి: కింద మూడు బర్నర్ల మీదా ఏదో ఒకటి ఉడుకుతుంటుంది, పైన ఒకరి తర్వాత ఒకరు స్నానమో వుజూనో చేస్తుంటారు. ఈద్ పొద్దున సంగతి చెప్పనే అక్కర్లేదు. షీర్ ఖుర్మా పాలు ఒక బర్నర్ మీద, బిర్యానీ మసాలా ఇంకోదాని మీద, నమాజుకు ముందు ఇంటిల్లిపాదీ స్నానాలు. పైపును సంవత్సరంలో సగటు రోజుకు కాదు, ఆ ఒక్క గంటకు లెక్కేయాలి.

ఈ దశలోనే ఇంకొకటి చూసుకోవాలి. ఇళ్లకు మామూలుగా పెట్టే చిన్న మీటరును జి1.6 అంటారు. అది గంటకు గరిష్ఠంగా 2.5 ఘనపు మీటర్లు పంపుతుంది. పైన చెప్పిన ఇంటికి సరిపోతుంది. అదే నిమిషానికి 10 లీటర్ల గీజర్ కొంటే దానికే గంటకు 2 ఘనపు మీటర్లు కావాలి, పొయ్యితో కలిపి 2.7. అప్పుడు పైపు ఎంత లావు వేసినా లాభం లేదు, మీటరు దగ్గరే ఇరుకు. ఆఫర్‌లో పెద్ద గీజర్ తీసుకునే ముందు కంపెనీకి ఒక్క ఫోన్ చేయడం నయం.

ఎంత లావు?

మీటరు నుంచి సామాను దాకా పైపులో 1 మిల్లీబార్‌కు మించి పోకూడదన్నది బ్రిటన్‌లో ఇళ్లకు పాటించే నియమం. అక్కడా ఇంటి గ్యాస్ 21 మిల్లీబార్లే కాబట్టి వాళ్ల పట్టిక లెక్క నేర్చుకోడానికి మనకూ పనికొస్తుంది. ఆ 1 మిల్లీబార్ నష్టానికి అరంగుళం ఇనుప పైపు 3 మీటర్ల దూరానికి గంటకు సుమారు 4.3 ఘనపు మీటర్లు మోస్తుంది. 6 మీటర్లైతే 2.9, 9 మీటర్లైతే 2.3, 15 మీటర్లైతే 1.7. ముప్పావు అంగుళం పైపైతే 9 మీటర్లకు 5.2, 15 మీటర్లకు 3.9. రాగి పైపు బయటి కొలతతో అమ్ముతారు కాబట్టి పేరు చూసి మోసపోకూడదు. 12 మిల్లీమీటర్ల రాగి గొట్టం 9 మీటర్ల దూరానికి ఒక ఘనపు మీటరు కూడా మోయలేదు.

దూరం అంటే టేపుతో కొలిచిన దూరమొక్కటే కాదు. గ్యాస్ ప్రతి మలుపు దగ్గరా తడబడుతుంది. ఒక్కో ఎల్బోకు, టీకి సుమారు అర మీటరు కలుపుకోవాలి. మనవాళ్ల ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. సన్‌షేడ్ తప్పించడానికి రెండు ఎల్బోలు, కిటికీ తప్పించడానికి రెండు, బీము దగ్గర ఇంకోటి. ఆరు ఎల్బోలంటే మూడు మీటర్ల పైపు పెరిగినట్టే.

ఇప్పుడు ఒక ఇల్లు ఊహించుకుందాం. సామర్లకోటలో పాత ఇళ్లు చాలావరకు ముందు సన్నగా, వెనక్కి పొడుగ్గా ఉంటాయి. మీటరు వీధి గోడకు ఉంది. పక్క సందులోంచి పైపు వెనకవైపు వంటింటిదాకా పోవాలి, మలుపులతో కలిపి 10 మీటర్లు. అక్కడ ఒక టీ. ఒక కొమ్మ పొయ్యికి. రెండోది గోడెక్కి మేడ మీది గీజర్‌కు, మలుపులతో కలిపి 8 మీటర్లు.

ముందు అంతా అరంగుళంతో చూద్దాం. మొదటి 10 మీటర్లు రెండింటి గ్యాసూ మోయాలి, అంటే 2 ఘనపు మీటర్లు. ఆ ముక్కలోనే 0.85 మిల్లీబార్ దాకా పోతుంది. గీజర్ కొమ్మలో 1.3 ఘనపు మీటర్లు, అక్కడ ఇంకో 0.3. మొత్తం 1.15 దాటుతుంది. హద్దు తప్పింది. చాలా కొద్దిగానే అనిపించొచ్చు. కానీ ఇది కొత్త పైపు లెక్క, మీటరు దగ్గర నిండుగా 21 ఉన్నప్పటి లెక్క. తుప్పు పొర, సగం తిరిగిన వాల్వు, మరో రెండు ఎల్బోలు కలిస్తే ఎక్కడికి పోతుందో చెప్పలేం.

ఇప్పుడు ఆ మొదటి 10 మీటర్లు మాత్రం ముప్పావు పైపు వేద్దాం. కొమ్మలు రెండూ అరంగుళమే ఉండనిద్దాం. మొదటి ముక్కలో నష్టం 0.2కు పడిపోతుంది. గీజర్ దాకా మొత్తం అర మిల్లీబార్. రేపు వంటింట్లో ఇంకో బర్నర్ పెరిగినా ఇబ్బంది లేదు. మారింది ఒక్క ముక్క. ఇల్లంతా లావు పైపు వేయమని అడగడం డబ్బు దండగ. అందరి గ్యాసూ కలిసి పారే ముక్క ఏదో పట్టుకుని దాన్ని పెంచితే చాలు. కొన్ని ఇళ్లలో దీనికి తలకిందులు చేస్తారు. మీటరు దగ్గర అరంగుళం, గీజర్ దగ్గర మాత్రం "బలంగా ఉంటుందని" ముప్పావు. కాలువ సన్నగా తవ్వి చేను గట్టు పెద్దది పోసినట్టు.

కంపెనీ ఇంజినీరు దగ్గర ఇక్కడి పైపులకు, ఇక్కడి నిబంధనలకు తగిన పట్టిక ఉంటుంది, తుది మాట ఆయనది. పైపు వేసేదీ, మార్చేదీ కంపెనీ పంపిన మనిషే అయ్యుండాలి. తెలిసిన ప్లంబర్‌తో సొంతంగా టీ కొట్టించడం ఎక్కడా ఒప్పుకోరు. ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఒక్కటే, సర్వేకి వచ్చిన రోజే మొత్తం సంగతి చెప్పడం. మామూలుగా సంభాషణ ఇలా జరుగుతుంది:

"భాయ్, ఈ పైపు సరిపోతుందాండీ?"

"సరిపోద్దండీ, వీధిలో అందరికీ ఇదే వేశాం."

ఆయన అబద్ధం చెప్పలేదు. వీధిలో అందరికీ పొయ్యే ఉంది, అందుకు సరిపోతుంది. అడగాల్సిన ప్రశ్న వేరు: "మూడు బర్నర్ల పొయ్యి, మేడ మీద ఆరు లీటర్ల గీజర్ పెడతాం. రెండూ కలిపి నడిస్తే గీజర్ దగ్గర ప్రెషర్ ఎంత ఉంటుందండీ?" ఇలా అడిగితే ఆయనే టేపు తీస్తాడు. కనెక్షన్ రుసుములో కొన్ని మీటర్ల పైపే కలిపి ఉంటుంది, పైన ప్రతి మీటరుకూ విడిగా కట్టాలి. గీజర్ ఇప్పుడు కొనకపోయినా ఆ కలిసి పారే ముక్క ఒక్కటీ ముందే ముప్పావు వేయించుకుంటే తర్వాత గోడ జోలికి పోనక్కర్లేదు.

బాయిలర్ ఉన్న ఇళ్లు

బాయిలర్ అంటే ఇక్కడ ఊక మండించే రైస్‌మిల్లు బాయిలరో, పాతకాలంలో నడిమధ్య బొగ్గులు వేసే రాగి బాయిలరో గుర్తొస్తుంది. లండన్‌లోనో, లెస్టర్‌లోనో ఉన్న కొడుకు ఇంట్లో బాయిలర్ వేరు. వంటింటి గోడకు బీరువాలా ఉండి ఇంటి గదులనూ, స్నానం నీళ్లనూ అదే వేడి చేస్తుంది. అక్కడ చలికాలంలో కుళాయి నీరు 5, 10 డిగ్రీలుంటుంది. నిమిషానికి 10 లీటర్ల నీటిని 35 డిగ్రీలు పెంచాలంటే 24 కిలోవాట్లు కావాలి. గ్యాస్ గంటకు 2.5 ఘనపు మీటర్ల పైనే. అందుకే పాత బాయిలర్ తీసి కొత్తది పెట్టేటప్పుడు పాత సన్న పైపు చాలక, మీటరు నుంచి 22 మిల్లీమీటర్ల రాగి పైపు కొత్తగా వేయాల్సి రావడం అక్కడ మామూలు. "బాయిలర్ కన్నా పైపుకే ఎక్కువ అడుగుతున్నారు" అని పిల్లలు ఫోన్లో వాపోతే అది మోసమని వెంటనే అనుకోనక్కర్లేదు. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న మనిషే ఆ పని చేయాలన్నది అక్కడ చట్టం. ఇల్లు అద్దెకు తీసుకున్న విద్యార్థులైతే ఏటా గ్యాస్ తనిఖీ పత్రం ఇంటి యజమాని నుంచి అడిగి తీసుకోవాలి.

ఆ లెక్క పక్కన మన లెక్క పెడితే ఒక సంగతి తేలుతుంది. సామర్లకోట చలికి ట్యాంకు నీళ్లు ఇరవై డిగ్రీలకు దిగడమే అరుదు. పది లీటర్ల గీజర్ ఈ ఊరికి అక్కర్లేదు. నలుగురున్న ఇంటికి ఆరు లీటర్లది ధారాళం. వృద్ధులు ఒకరిద్దరే ఉన్న ఇంట్లో చిన్న కరెంటు గీజరో, పొయ్యి మీద కాగో ఇంకా మేలు. పైపు ఖర్చు తగ్గించే అన్నిటికన్నా తేలికైన దారి, అవసరానికి మించిన సామాను కొనకపోవడం.

ప్రెషర్ తగ్గితే నీళ్లు చల్లబడటంతో పోతుందా?

పోదు. గ్యాస్ వస్తువు ఏదైనా ఫలానా ప్రెషర్‌కని తయారు చేస్తారు. జెట్లోంచి గ్యాస్ ఆ వేగంతో వస్తేనే తనతోపాటు కావాల్సినంత గాలిని లాక్కుంటుంది. ప్రెషర్ పడిపోతే మంట కురచవుతుంది, ఆరిపోవచ్చు, ఒక్కోసారి వెనక్కి బర్నర్ లోపలికి పోయి అక్కడ మండుతుంది. సరిగ్గా మండని గ్యాస్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు. తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, కాళ్లలో బలం పోతుంది. తలుపు తీయడానికి లేవబోతే లేవలేరు. చలికాలం వస్తే దేశంలో ఎక్కడో ఒకచోట మూసిన బాత్రూంలో గ్యాస్ గీజర్ వల్ల చనిపోయినవాళ్ల వార్త చదువుతూనే ఉంటాం.

పైపు ఎంత సరిగ్గా వేసినా గీజర్‌ను బాత్రూం లోపల పెడితే ఆ లెక్క అంతా వృథా. ఒక ఘనపు మీటరు గ్యాస్ మండటానికి దాదాపు పది ఘనపు మీటర్ల గాలి కావాలి. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న బాత్రూంలో ఉండేది అయిదున్నర ఘనపు మీటర్ల గాలి. గీజర్ గంటకు 12, 13 తినేస్తుంది. అంటే గదిలో గాలి మొత్తం అరగంటకు చాలదు. మనిషికి ముప్పు రావడానికి అంతసేపు కూడా అక్కర్లేదు, ఆక్సిజన్ కొంత తగ్గగానే మంట చెడటం మొదలవుతుంది. గీజర్ బయట ఉండాలి, బాల్కనీలోనో, వెనక సందులోనో, పైన కప్పు వేసి. పొగ గొట్టం బయటికి తీయాలి. లోపలికి వచ్చేది నీటి పైపు ఒక్కటే. చలి గాలి వస్తోందని వెంటిలేటర్‌కు అట్ట అడ్డం పెట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, గీజర్ దగ్గర అది ప్రాణం మీదికి తెస్తుంది. పొయ్యి మంట నీలంగా లేక పసుపుగా ఉంటే, గిన్నెల అడుగున మసి పడుతుంటే ఫోన్ చేయాల్సిన సమయం వచ్చిందన్నమాట.

పైపు చాలుతోందో లేదో ఏ పనిముట్టూ లేకుండా ఇంట్లోనే ఒక అంచనా వేసుకోవచ్చు. పొయ్యి ఆపేసి గీజర్ ఒక్కటే ఫుల్ మీద పెట్టి మీటరు రీడింగ్ రాసుకోవాలి. సరిగ్గా ఆరు నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. తేడాను పదితో హెచ్చవేస్తే గంటకు ఎంతో తెలుస్తుంది. 0.130 తిరిగితే 1.3 అన్నమాట, ప్లేటు మీదున్న 13 కిలోవాట్లకు సరిపోయింది. ఇప్పుడు పొయ్యి మూడు బర్నర్లూ వెలిగించి మళ్లీ ఆరు నిమిషాలు చూడాలి. 0.200 దగ్గరికి రావాలి. 0.150 దగ్గరే ఆగిపోతే శివారు చేను ఎండుతున్నట్టే. అసలైన పరీక్ష ఫిట్టర్ దగ్గరుంటుంది. నీళ్లు పోసిన యూ ఆకారపు గొట్టమో, చిన్న డిజిటల్ గేజో తెచ్చి, అన్నీ వెలిగించి ఉంచి, మీటరు దగ్గరా గీజర్ దగ్గరా ప్రెషర్ చూస్తాడు. 1 మిల్లీబార్ అంటే నీటిలో సుమారు ఒక సెంటీమీటరు, కంటికి కనిపిస్తుంది. పని అయ్యాక ఈ కొలత చూపించమని అడగడం మర్యాద తక్కువేం కాదు.

సిలిండర్ ఉన్న ఇళ్లలో లెక్క కాస్త మారుతుంది. రెగ్యులేటర్ నుంచి వచ్చే ప్రెషర్ సుమారు 30 మిల్లీబార్లు. పైగా అదే ఘనపరిమాణంలో సిలిండర్ గ్యాస్‌కు పైపు గ్యాస్ కన్నా రెండున్నర రెట్లు వేడి ఎక్కువ. అందువల్ల సన్నటి లైను కూడా నెట్టుకొస్తుంది. సిలిండర్‌తో ఏళ్ల తరబడి బాగా నడిచిన లైను పైపు గ్యాస్‌కు మార్చగానే చాలకపోవడానికి కారణం ఇదే. అప్పుడు జెట్లు మార్చడంతో పని పూర్తి కాదు, పైపు కూడా మళ్లీ లెక్కేయాలి. సిలిండర్ మీద నడిచే ఆరు లీటర్ల గీజర్ ఫుల్ మంట మీద గంటకు దాదాపు కిలో గ్యాస్ తాగుతుంది. 14.2 కిలోల సిలిండర్ రోజుకు ఇరవై నిమిషాలు వాడితే ఆరు వారాలు వస్తుంది. అదే సిలిండర్‌కు పొయ్యి కూడా తగిలిస్తే లోపల ద్రవం అంత తొందరగా ఆవిరి కాలేదు. దావత్ రోజు పెద్ద బర్నర్ మీద దేగ్ పెట్టినప్పుడు సిలిండర్ అడుగున చెమట, మంచు పట్టడం చూసే ఉంటారు, అదే ఇది. గీజర్‌కు విడి సిలిండరే ఉండాలి, అది బయటే ఉండాలి. సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేలమీద పరుచుకుంటుంది. పైపు గ్యాస్ తేలిక, కప్పు కిందికి చేరుతుంది. కాబట్టి మొదటిదానికి కిందా, రెండోదానికి పైనా గాలి పోయే దారి ఉండాలి. ఆ దేగ్ బర్నర్ మాత్రం ఇంటి పైపు గ్యాస్‌కు తగిలించే ఆలోచనే వద్దు. ఇంటి మీటరు దానికోసం పెట్టింది కాదు.

ఇప్పటికే అరంగుళం వేసి టైల్స్ కూడా అతికించేసిన ఇళ్లవాళ్లు గోడ పగలగొట్టాల్సిన పని లేదు. పాత లైను పొయ్యికే వదిలేసి, మీటరు దగ్గర నుంచి గీజర్‌కు విడిగా ఇంకో అరంగుళం లైను బయటి గోడ మీదుగా వేయమని కంపెనీని అడగొచ్చు. పైన చెప్పిన ఇంట్లో ఆ లైను 18 మీటర్లవుతుంది, మోయాల్సింది 1.3 ఘనపు మీటర్లు, నష్టం 0.7 మిల్లీబార్. హద్దులోనే ఉంది. వీలుంటే గీజర్‌నే మీటరు ఉన్న వైపు గోడకు మార్చి, వేడి నీటి పైపును పొడిగించుకోవడం ఇంకా చవక. వేడి నీళ్లు రావడానికి అర నిమిషం ఆలస్యమవుతుంది, అంతే తేడా.